ఆల్ఫా సైన్యూక్లీన్ యాంటీబాడీ: నాలుగు బ్లాట్లు వేసినా బ్యాండ్ రాలేదు, వయల్ పోయినట్టేనా?

వేరుశనగ_చేను
ఎలుకలకి రోటెనోన్ అనే పురుగుమందు ఇచ్చి పార్కిన్‌సన్స్ (చేతులు వణికే మెదడు జబ్బు) మోడల్ చేస్తాండా, అనంతపురంలో, పీహెచ్‌డీ మూడో సంవత్సరం. నాలుగు నెలలు ఇండెంట్ (కొనుగోలు కాగితం) వెనకాల తిరిగితే, ఆ జబ్బులో మెదడులో ముద్దకట్టే ఆల్ఫా సైన్యూక్లీన్ ప్రోటీన్‌ని పట్టి చూపించే యాంటీబాడీ వచ్చింది, 100 మైక్రోలీటర్లు, 41 వేలు. మే నెలలో రెండో శనివారం బెంగళూరు నుంచి పార్సిల్ వస్తే మాకు సెలవు, కొరియర్ ఆయన ఆఫీసు ల్యాండ్‌లైన్‌కి ఫోన్ చేసినాడంట, ఆ రోజు ఎవరు ఎత్తుతారు? సోమవారం పొద్దున నేనే స్కూటీ మీద పోయి తెచ్చుకున్నా. థర్మోకోల్ డబ్బా తెరిస్తే జెల్ ప్యాకులు నీళ్లు నీళ్లు, వయల్ పట్టుకుంటే వెచ్చగా ఉండాది. అక్కడే ఏడుపొచ్చింది.

అప్పట్నుంచి నాలుగు వెస్టర్న్ బ్లాట్లు వేసినా, అంటే ప్రోటీన్లని జెల్‌లో సైజు ప్రకారం విడదీసి, మెంబ్రేన్ అనే పలచటి పొర మీదికి ఎక్కించి, యాంటీబాడీతో బ్యాండ్‌గా చూడటం. పోలికకి చూసే బీటా యాక్టిన్ ప్రోటీన్ నీటుగా వస్తుంది ప్రతిసారి, సైన్యూక్లీన్ రావాల్సిన 15 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువు కొలత) దగ్గర మాత్రం ఏమీ లేదు, తెల్లగా. ఎక్స్‌పోజర్ పది నిమిషాలు పెట్టినా అంతే. సార్ ఏమో యాంటీబాడీ పోయింది కంపెనీకి రాయి అంటాడు, రాస్తే వాళ్లేమో మేం సరిగ్గానే పంపినాం మీరే టైముకి తీసుకోలేదు, ఇంకోటి ఇవ్వం అన్నారు. ఆగస్టులో రివ్యూ ఉండాది. ఇంకో వయల్ కొనేదానికి ప్రాజెక్టులో డబ్బు లేదు. నిజంగా పోయిందా, లేకుంటే నేనే యాడన్నా తప్పు చేస్తాండానా?

బళ్లారి_చౌరస్తా
పోయినట్టే. రెండు రోజులు మే నెల ఎండలో కొరియర్ గోడౌన్లో అంటే రేకుల షెడ్డు, లోపల 45 పైనే ఉంటుంది. ప్రోటీన్ కదా, గుడ్డు ఉడికినట్టు ఉడికిపోయి ఉంటుంది. ఇంక దానిమీద టైం పెట్టద్దు.

పెన్నా_ఇసుక
క్లోన్ ఏది, అంటే ఏ రకం యాంటీబాడీ? జెల్ ఎంత శాతం? మెంబ్రేన్ ఏది, రంధ్రం సైజు ఎంత? బ్లాకింగ్, అంటే మెంబ్రేన్ మీద ఖాళీ చోట్లు మూయడం, దేంట్లో? ఇవి చెప్పకుండా పోయిందా అని అడిగితే ఎవరికైనా ఎట్ల తెలుస్తుంది చెల్లీ.

కొండారెడ్డి_బురుజు
@బళ్లారి_చౌరస్తా గుడ్డు పోలిక సరికాదన్నా. గుడ్డు తెల్లసొన గట్టిపడాలంటే 60 పైన పోవాల. ఐజీజీ యాంటీబాడీ చాలా గట్టి ప్రోటీన్, మన ఒంట్లో 37 డిగ్రీల్లోనే కదా వారాలు వారాలు తిరుగుతాంటుంది. గ్లిసరాల్, అజైడ్ (చెడకుండా కాపాడేవి) వేసి ఉన్న వయల్ రెండు రోజుల వేడికి పూర్తిగా చచ్చిపోవడం అరుదు, కొంచెం బలం తగ్గొచ్చు అంతే. నేను కర్నూలులో ఉన్నప్పుడు ఒక శుక్రవారం సాయంత్రం కరెంటు పోతే హడావుడిలో టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ యాంటీబాడీ బెంచీ మీదనే మరిచిపోయి ఊరికి పోయినా, సోమవారం వచ్చి చూసి గుండె జారింది. అదే వయల్‌తో ఆ తర్వాత ఏడాదిన్నర పనిచేసినా.

దాన్ని నిజంగా చంపేది మళ్లీ మళ్లీ గడ్డకట్టించి కరిగించడం. వేరుశనగ_చేను, వయల్‌ను మైనస్ 20లో పెట్టి రోజూ బయటికి తీసి మళ్లీ పెడతాండావా? అది ముందు చెప్పు.

వేరుశనగ_చేను
లేదు అన్నా, వచ్చిన రోజే 10 మైక్రోలీటర్ల లెక్కన చిన్న ట్యూబుల్లో పంచి పెట్టినా, ఒకసారి తీసింది మళ్లీ గడ్డకట్టించలేదు.

@పెన్నా_ఇసుక క్లోన్ 42, మౌస్ మోనోక్లోనల్ (చిట్టెలుక నుంచి చేసిన యాంటీబాడీ). 12 శాతం జెల్, ఒక్కో లేన్‌కి 30 మైక్రోగ్రాములు, మిడ్‌బ్రెయిన్ హోమోజినేట్ (మెదడు మధ్యభాగం రుబ్బిన ద్రవం). నైట్రోసెల్యులోజ్ 0.45 మైక్రాన్, వెట్ ట్రాన్స్‌ఫర్ 100 వోల్ట్‌లు గంటన్నర. 5 శాతం పాలపొడి గంట. ప్రైమరీ, అంటే ఈ యాంటీబాడీ, 1:1000 రాత్రంతా 4 డిగ్రీల్లో. టీబీఎస్‌టీ (కడిగే బఫర్) వాష్ పది నిమిషాల లెక్కన ఐదుసార్లు. యాక్టిన్‌కి అదే మెంబ్రేన్ పై సగం కోసి వాడినా.

గండికోట_గాలి
ముందు డేటాషీటులో రియాక్టివిటీ, అంటే ఏ జంతువు ప్రోటీన్‌ని పడుతుందో చూడు, రాట్ (పెద్ద ఎలుక) అని ఉందా? మా ల్యాబ్‌లో ఒకతను సిన్211 అనే ఇంకో సైన్యూక్లీన్ క్లోన్ కొని ఆరు నెలలు ఎలుక మెదడు మీద వేసినాడు పాపం. అది మనిషి ప్రోటీన్‌ని మాత్రమే పడుతుంది. మనిషి సైన్యూక్లీన్‌లో 121, 122 స్థానాల్లో ఆస్పార్టేట్, ఆస్పరజీన్ ఉంటే ఎలుకలో అక్కడ వేరేవి ఉంటాయి. 140 అమైనో ఆమ్లాల ప్రోటీన్‌లో ఆ చోట రెండు మారినాయి, అంతే, యాంటీబాడీ కూర్చునే చోటు పోయింది.

వేరుశనగ_చేను
చూసినాను అక్కా, మనిషి, మౌస్, రాట్ మూడూ ఉండాయి. క్లోన్ 42 కూర్చునేది 91 నుంచి 99 మధ్య, అది ఎలుకలో కూడా అంతే.

ఉగ్గాని_బజ్జి
నాకు వెస్టర్న్ బ్లాట్ రాదు గానీ మెంబ్రేన్, పాలపొడి, రాత్రంతా నానబెట్టడం అంటే మా అమ్మ దోశ పిండి గుర్తొస్తాంది.

పెన్నా_ఇసుక
చెల్లీ, నీ యాంటీబాడీ బతికే ఉంది అని నా నమ్మకం. నీ ప్రోటీన్ మెంబ్రేన్ మీద లేదు. కొంచెం ఓపిగ్గా చదువు, ఇది నేను రెండేళ్లు పోగొట్టుకుని నేర్చుకున్నది.

ఆల్ఫా సైన్యూక్లీన్ మామూలు ప్రోటీన్ లాంటిది కాదు. 14 కిలోడాల్టన్లు, చిన్నది. దానికి సొంతంగా మడత లేదు, నీళ్లలో దారప్పోగు లాగా ఊగుతాంటుంది, తోకలో ఆమ్ల అమైనో ఆమ్లాలు ఎక్కువ. మెంబ్రేన్ మీదికి ఎక్కుతుంది, పోన్సో అనే రంగు వేస్తే ఆ ఎత్తులో ఎర్రగా కూడా కనపడుతుంది. కానీ గట్టిగా అతుక్కోదు. రాత్రంతా ప్రైమరీలో ఉండేటప్పుడు, ఆపైన టీబీఎస్‌టీలో ఐదుసార్లు కడిగేటప్పుడు నెమ్మదిగా ఊడి బఫర్‌లోకి పోతుంది. యాక్టిన్ పెద్దది, గట్టిగా పట్టుకుంటుంది, అందుకే అది వస్తాంది, ఇది రావట్లేదు. యాక్టిన్ బాగా వస్తే ట్రాన్స్‌ఫర్ బాగుందనుకుంటాం, అక్కడే మోసపోయేది.

2011లో లీ, కమితాని అని ఇద్దరు ఇదే చూపించినారు ప్లాస్ వన్ జర్నల్‌లో. ట్రాన్స్‌ఫర్ అయిన వెంటనే, బ్లాకింగ్‌కి ముందు, మెంబ్రేన్‌ని 0.4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో 30 నిమిషాలు పెడితే ప్రోటీన్ అక్కడే కట్టుబడిపోతుంది. అంతకుముందు కనపడని సొంత సైన్యూక్లీన్, అంటే పైనుంచి జీన్ పెట్టి పెంచింది కాకుండా కణంలో మామూలుగా ఉండేది, స్పష్టంగా వచ్చింది వాళ్లకి.

ఇంకో రెండు మార్చు. 0.45 వద్దు, 0.2 మైక్రాన్ పీవీడీఎఫ్ మెంబ్రేన్ వాడు, చిన్న ప్రోటీన్ 0.45 గుండా దూరి అవతలికి పోతుంది. జెల్ 15 శాతం పోయి. 100 వోల్ట్‌లు గంటన్నర కూడా దీనికి ఎక్కువే, గంట చాలు.

బళ్లారి_చౌరస్తా
మెంబ్రేన్ మీద ఫార్మాలిన్ పోయమంటారా? ఎపిటోప్, అంటే యాంటీబాడీ కూర్చునే చోటు, మూసుకుపోతుంది, బ్యాక్‌గ్రౌండ్ పెరుగుతుంది. రివ్యూలో ఎవరైనా నిలదీస్తే ఏం చెప్తుంది పాప?

పెన్నా_ఇసుక
కొన్ని యాంటీబాడీలకి మూసుకుపోతుంది, నిజమే, అందుకే పైసగం కోసి యాక్టిన్‌ది ఫిక్స్ చేయకుండా పక్కన పెట్టమంటా, కింద సగం ఫిక్స్ చేసిందొకటి చేయందొకటి పక్కపక్కన వేయమంటా. నిలదీస్తే ఆ రెండు బొమ్మలూ చూపిస్తుంది. ఫార్మాలిన్ అంటే భయం దేనికి, మనం టిష్యూ సెక్షన్లకి ఎప్పుడూ 4 శాతంలోనే పెడతాం కదా, ఇది దాంట్లో పదో వంతు.

కొండారెడ్డి_బురుజు
పెన్నా_ఇసుక చెప్పింది నూటికి నూరు. అయితే ఫిక్సింగ్‌కి ముందు ఒక్క పని చెయ్యి, ఖర్చు లేనిది, గంటల్లో తేలిపోతుంది. డాట్ బ్లాట్. నైట్రోసెల్యులోజ్ ముక్క మీద ఎలుక మెదడు హోమోజినేట్ ఒక చుక్క, కాలేయం హోమోజినేట్ ఒక చుక్క, ఉత్త బఫర్ ఒక చుక్క, పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని పూర్తిగా ఆరనీ. ఆరిన చుక్క జెల్ నుంచి ఎక్కిన బ్యాండ్ కన్నా గట్టిగా పట్టుకుంటుంది. బ్లాక్, ప్రైమరీ, సెకండరీ (ప్రైమరీని పట్టుకుని వెలిగించే రెండో యాంటీబాడీ). ఇలాంటిదే ఇంకో ముక్కకి ప్రైమరీ లేకుండా సెకండరీ ఒక్కటే, ఇది మర్చిపోవద్దు, నీ సెకండరీ యాంటీ మౌస్, నీ శాంపిల్ రాట్, రాట్ ఐజీజీని కూడా కొన్ని సెకండరీలు పట్టేస్తాయి. మెదడు చుక్క వెలిగితే వయల్ బతికినట్టే. మీ సార్‌కి కూడా అదే చూపించు.

వేరుశనగ_చేను
ఈ రోజే చేస్తా అన్నా. చేతులు వణుకుతాండాయి.

గండికోట_గాలి
రాయ్ రాయ్, మేమూ ఎదురుచూస్తాం.

ఏడురోడ్ల_సర్కిల్
మధ్యలో వచ్చి అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. నాకు సైన్స్ తెలీదు, కడపలో కిరాణా అంగడి మాది. మా నాయనకి 63, ఏడాదిగా కుడి చెయ్యి వణుకుతాంది, అంగట్లో తూకం వేసేటప్పుడు కాదు, ఊరికే కూచున్నప్పుడు ఒళ్లో పెట్టుకున్న చెయ్యి రూపాయి బిళ్ల తిప్పినట్టు తిరుగుతాంటాది. పేరు రాస్తే అక్షరాలు చీమల్లా అయిపోతాండాయి. ఒక ల్యాబ్‌లో రక్తం తీసి సైన్యూక్లీన్ యాంటీబాడీతో టెస్ట్ చేస్తాం, 6 వేలు, పార్కిన్‌సన్స్ ఉందో లేదో చెప్పేస్తాం అన్నారు. ఈ పేరు వెతుకుతాంటే మీ చర్చ కనపడింది. ఆ టెస్ట్ చేయించాలా?

కొండారెడ్డి_బురుజు
చేయించద్దు తమ్ముడూ, ఆ 6 వేలు దాచిపెట్టు. మేం మాట్లాడుకునే యాంటీబాడీ సీసా మీదనే రాసి ఉంటుంది పరిశోధనకి మాత్రమే, రోగ నిర్ధారణకి కాదు అని. ఇంకో సంగతి, రక్తంలో ఉండే ఆల్ఫా సైన్యూక్లీన్‌లో 99 శాతం పైగా ఎర్ర రక్తకణాల్లోనే ఉంటుంది, జబ్బు లేనివాళ్లకీ ఉంటుంది. సూది గుచ్చేటప్పుడు నాలుగు కణాలు పగిలితే చాలు అంకె పెరిగిపోతుంది. ఆ అంకె మీ నాయన మెదడు గురించి ఏం చెప్పదు.

నువ్వు రాసిన లక్షణాలు, ఊరికే ఉన్నప్పుడు వణుకు, అక్షరాలు చిన్నవైపోవడం, ఇవి న్యూరాలజిస్ట్ కళ్లతో చూసి, చెయ్యి వంచి చూసి, నడిపించి చూసి తేలుస్తాడు. 1817లో లండన్‌లో జేమ్స్ పార్కిన్‌సన్ ఈ జబ్బును మొదట వర్ణించి రాసినప్పుడు కూడా మనుషుల్ని చూసే రాసినాడు, కొందర్ని వీధిలో చూసి. ఇప్పటికీ మొదట చేసేది ఆ పరీక్షే. ఆలస్యం చేయద్దు, తీసుకుపో.

తుంగభద్ర_నీళ్లు
@ఏడురోడ్ల_సర్కిల్ మా పెద్దనాయనకి కూడా ఇట్లనే మొదలైంది, కర్నూలులో. మేం రెండేళ్లు నరాల బలహీనత అనుకుని బి12 సూదులు వేయించినాం. ఆ తర్వాత బెంగళూరు నిమ్హాన్స్‌కి పోతే పరీక్ష చేసి మాత్రలు మొదలుపెట్టినారు. ఇప్పుడు పొద్దున్నే లేచి ఆయనే టీ పెట్టుకుంటాడు. ఆ రెండేళ్లు వృథా అయినందుకే మాకు బాధ. మీరు అట్ల చేయద్దు.

ఏడురోడ్ల_సర్కిల్
చాలా థాంక్స్ అన్నా. వచ్చే వారమే పోతాం.

కారందోశ_కడప
రక్తం మాట వచ్చింది కాబట్టి. వేరుశనగ_చేను, మీ ఎలుకలకి పెర్ఫ్యూజన్ చేసినారా? అంటే మెదడు తీసే ముందు గుండె గుండా సెలైన్ ఎక్కించి రక్తం అంతా కడిగినారా? కడక్కపోతే మెదడు ముక్కలో చిక్కుకున్న రక్తంలోని సైన్యూక్లీన్ కూడా లెక్కలోకి వస్తుంది. ఒక ఎలుకకి రక్తం ఎక్కువ ఉండి ఇంకోదానికి తక్కువ ఉంటే ఆ తేడానే రోటెనోన్ తేడా అనుకుంటాం.

వేరుశనగ_చేను
కొన్నిటికి చేసినాం, కొన్నిటికి చేయలేదు అన్నా. మొదటి బ్యాచ్‌కి చేయలేదు.

వేరుశనగ_చేను
డాట్ బ్లాట్ అయింది!!! మెదడు చుక్క నల్లగా వచ్చింది, పది సెకన్లకే. బఫర్ చుక్క ఖాళీ. సెకండరీ ఒక్కటే వేసిన ముక్క మొత్తం ఖాళీ. కాలేయం చుక్క మాత్రం పలచగా వచ్చింది, అదేందో అర్థం కాలేదు. కానీ వయల్ బతికే ఉండాది. డార్క్‌రూంలో ఒక్కదాన్నే గట్టిగా అరిచినా, బయటనుంచి అటెండర్ తాత ఏమైంది పాపా అని పరిగెత్తుకొచ్చినాడు.

కారందోశ_కడప
కాలేయంలో నువ్వు చూసింది రక్తమే అయ్యుంటుంది. పెర్ఫ్యూజన్ చేయని ఎలుక కాలేయం కదా?

వేరుశనగ_చేను
అవును, మొదటి బ్యాచ్‌దే!

బళ్లారి_చౌరస్తా
సరే ఒప్పుకుంటా, పోయిందని నేను తొందరపడి చెప్పినా. ఆ మాట విని నువ్వు ఆ ట్యూబులన్నీ పారేసి ఉంటే నాకు పాపం తగిలేది తల్లీ.

ఉగ్గాని_బజ్జి
అటెండర్ తాతకి ఒక ప్లేటు ఉగ్గాని నా లెక్కలో ఇప్పించు.

పెన్నా_ఇసుక
ఇప్పుడు ఫిక్సింగ్ చెయ్యి. పారాఫార్మాల్డిహైడ్ పొడి నుంచి చేస్తాంటే ఫ్యూమ్ హుడ్‌లోనే, పీబీఎస్ బఫర్ 60 డిగ్రీల దాకా వేడి చేసి పొడి వేసి కలుపు, పాల లాగా ఉంటుంది, సోడియం హైడ్రాక్సైడ్ రెండు మూడు చుక్కలు పడగానే గ్లాసులో నీళ్ల లాగా తేటగా అయిపోతుంది, చూసేదానికి బాగుంటుంది గానీ మొహం దగ్గర పెట్టుకుని చూడద్దు, కళ్లు మండుతాయి. చల్లారినాక పీహెచ్ 7.4కి సరిచెయ్యి. 4 శాతం చేసుకుని దాన్ని పదింతలు పలచన చెయ్యి. మెంబ్రేన్ పెట్టి 30 నిమిషాలు, గది వేడిలో, నెమ్మదిగా ఊపుతూ. ఆపైన పీబీఎస్‌లో మూడుసార్లు కడిగి బ్లాకింగ్‌కి పో. వాడేసిన ద్రవం సింకులో పోయద్దు, వేరే సీసాలో పెట్టు.

గండికోట_గాలి
ఫాస్ఫో సైన్యూక్లీన్ కూడా చూస్తావా? సెరీన్ 129 మీద ఫాస్ఫేట్ ఎక్కింది? లూయీ బాడీల్లో, అంటే పార్కిన్‌సన్స్ మెదడు కణాల్లో కనపడే ముద్దల్లో, ఉండే సైన్యూక్లీన్‌లో దాదాపు 90 శాతం ఆ ఫాస్ఫేట్‌తో ఉంటుంది, మామూలు మెదడులో 4 శాతమో అంతకన్నా తక్కువో. అందుకే అందరూ దాని వెంట పడతారు.

నా కథ చెప్తా. మా గ్రూపులో 81ఏ అనే ఫాస్ఫో సైన్యూక్లీన్ క్లోన్ వాడి మెదడు సెక్షన్లు వేసినాం. ఎంత అందంగా వచ్చిందో, సన్న సన్న దారాలు అన్నీ వెలిగినాయి. పోస్టర్ వేసినాం, బహుమతి కూడా ఇచ్చినారు. ఆ తర్వాత ఒక మేడం వచ్చి ఒక్క ప్రశ్న అడిగింది, సైన్యూక్లీన్ లేని ఎలుక మీద వేసినారా అని. లేదన్నాం. ఆ క్లోన్ ఫాస్ఫేట్ ఎక్కిన న్యూరోఫిలమెంట్‌ని కూడా పడుతుందని అప్పటికే పేపర్లు ఉన్నాయి, మేం చదవలేదు. న్యూరోఫిలమెంట్ అంటే ఆక్సాన్ల (నరకణాల పొడవాటి పోగులు) నిండా ఉండే ప్రోటీనే కదా, మా దారాలు అవే. నా థీసిస్‌లో ఒక చాప్టర్ నేనే తీసేసినా. ఇంటికి పోయి మూడు రోజులు ఎవరితో మాట్లాడలేదు.

కారందోశ_కడప
అక్కా ఆ చాప్టర్ తీసేయడానికి ఎంత ధైర్యం కావాల. చాలామంది ఉంచేస్తారు.

వేరుశనగ_చేను
సైన్యూక్లీన్ లేని ఎలుకలు మనకి యాడ దొరుకుతాయి అక్కా? మా యానిమల్ హౌస్‌లో విస్టార్ ఎలుకలు తప్ప ఏమీ లేవు.

గండికోట_గాలి
నాకూ దొరకలేదు, అందుకే ఫాస్ఫో వాడేవాళ్లకి వేరే దారి చెప్తా. లాంబ్డా ఫాస్ఫటేజ్ ఎంజైమ్. శాంపిల్‌ని రెండు భాగాలు చేసి ఒకదానికి ఎంజైమ్ వేసి ఫాస్ఫేట్ ఊడబెరికి పక్కపక్క లేన్లలో నడుపు. నిజమైన ఫాస్ఫో బ్యాండ్ అయితే ఎంజైమ్ వేసిన లేన్‌లో మాయమవ్వాల. న్యూరోఫిలమెంట్ బ్యాండ్ కూడా మాయమవుతుంది, కాబట్టి ఎత్తు చూడాల, న్యూరోఫిలమెంట్ లైట్ 68 దగ్గర వస్తుంది, సైన్యూక్లీన్ 15 దగ్గర. అందుకే సెక్షన్ ఒక్కటే నమ్మద్దు, బ్లాట్ కూడా వేయాల. మెదడు తీసిన క్షణం నుంచి ఐసు మీద, బఫర్‌లో సోడియం ఫ్లోరైడ్, ఆర్థోవెనడేట్ వేసుకో, లేకుంటే నువ్వు ట్యూబు మూత పెట్టేలోపు ఫాస్ఫేట్ ఊడిపోతుంది. బ్లాకింగ్ పాలపొడి వద్దు, పాలలో కేసీన్ ఫాస్ఫోప్రోటీనే, బీఎస్‌ఏ (ఆవు రక్తంలోని ప్రోటీన్) వాడు.

కొండారెడ్డి_బురుజు
ఒక తమాషా, ఒక కంపెనీ అమ్మే సి57 నల్ల చిట్టెలుకల్లో ఒక రకానికి సైన్యూక్లీన్ జీన్ దానంతట అదే పోయి ఉందని 2001లో బయటపడింది. కొన్నవాళ్లకి తెలీదు. ఆ ఎలుకలు మామూలుగా తిని, తిరిగి, పిల్లల్ని కంటాన్నాయి. కొందరు వాటిని మామూలు ఎలుకలనుకుని కంట్రోల్‌గా వాడేసినారు.

తుంగభద్ర_నీళ్లు
ఇది వింటే నాకు ఒకటి అర్థం కాలే. ఆ ప్రోటీన్ లేకపోయినా ఎలుక బాగుంటే, మరి జబ్బు దానివల్ల అని ఎట్ల చెప్తారు?

కొండారెడ్డి_బురుజు
మంచి ప్రశ్న. లేకపోవడం వల్ల కాదు, తప్పుగా మడతపడి ఒకదానికొకటి అతుక్కుని ముద్దలు కట్టడం వల్ల అని. 1912లో ఫ్రీడ్రిక్ లూయీ పార్కిన్‌సన్స్ రోగుల మెదడు కణాల్లో గుండ్రటి ముద్దలు చూసినాడు, అవి దేంతో చేసినవో 85 ఏళ్లు ఎవరికీ తెలీదు. 1997లో రెండు పనులు జరిగినాయి. ఇటలీలో కాంటుర్సీ అనే ఊరి మూలాలున్న ఒక కుటుంబంలో ఈ జబ్బు తరతరాలకి వస్తాంటే, సైన్యూక్లీన్ జీన్‌లో 53వ స్థానంలో అలనైన్ పోయి థ్రియోనైన్ వచ్చిందని కనిపెట్టినారు. అదే ఏడాది మరియా గ్రాజియా స్పిల్లంటీని వాళ్లు లూయీ ముద్దల మీద సైన్యూక్లీన్ యాంటీబాడీ వేస్తే ముద్దలు వెలిగినాయి. ఈ చర్చ మొత్తం దేని గురించో ఆ పని అదే, ఒక యాంటీబాడీ పడితేనే ముద్దలో ఉన్నదేమిటో తెలిసింది.

గండికోట_గాలి
దీంట్లో నాకు ఎప్పటికీ వింతగా ఉండేది, మన విస్టార్ ఎలుకకి 53వ స్థానంలో పుట్టుకతోనే థ్రియోనైన్ ఉంటుంది. ఆ కుటుంబంలో జబ్బు తెచ్చిన అక్షరం దీనికి మామూలు అక్షరం.

బళ్లారి_చౌరస్తా
అట్లయితే యాంటీబాడీలు అమ్మే ముందు వాళ్లే ఇవన్నీ సరిచూసి అమ్మాల కదప్పా. 41 వేలు తీసుకుని, సరిచూసుకునే భారం అనంతపురంలో ఒక అమ్మాయి మీద పెట్టడం ఏం న్యాయం?

పెన్నా_ఇసుక
న్యాయం కాదు. కెనడాలో మొదలైన వైకారోస్ అనే బృందం అదే చేస్తాంది. నరాల జబ్బులతో సంబంధం ఉన్న 65 ప్రోటీన్లకి మార్కెట్లో దొరికే 614 యాంటీబాడీలు తెచ్చి, ఆ ప్రోటీన్ తీసేసిన కణాలు, ఉన్న కణాలు పక్కపక్కన పెట్టి పరీక్షించినారు. పేపర్లలో బాగా వాడినవే కొన్ని తమ ప్రోటీన్‌ని పట్టలేదు. బాగుపడిన సంగతి కూడా ఉంది, కంపెనీలు కొన్ని పనిచేయనివి అమ్మడం ఆపేసినాయి. రిపోర్టులు ఉచితంగా దొరుకుతాయి, కొనే ముందు ఒకసారి అక్కడ వెతకండి. మన దగ్గర ఇండెంట్ వేసేటప్పుడు తక్కువ కొటేషన్ ఎవరిచ్చినారని చూస్తారు, క్లోన్ సంగతి ఎవరూ అడగరు. నాకు అది చాలా కోపం. తక్కువని కొన్న 30 వేల వయల్ పనిచేయకపోతే అది డబ్బు మిగిలినట్టా?

వేరుశనగ_చేను
తొమ్మిది రోజులు కనపడలేదు, ఏమనుకోవద్దు. 15 శాతం జెల్, 0.2 పీవీడీఎఫ్, గంట ట్రాన్స్‌ఫర్. కింద సగాన్ని నిలువుగా రెండు చేసి ఒకటి ఫిక్స్ చేసినా, ఒకటి చేయలేదు.

ఫిక్స్ చేయనిదాంట్లో కళ్లు చిట్లించి చూస్తే నీడ లాంటిది. ఫిక్స్ చేసినదాంట్లో 15కి కొంచెం పైన, ఆరు లేన్లలో ఆరు బ్యాండ్లు, పెన్నుతో గీసినట్టు. బ్యాక్‌గ్రౌండ్ కూడా ఎక్కువ రాలేదు @బళ్లారి_చౌరస్తా అన్నా. సార్‌కి రెండూ పక్కపక్కన చూపించినా. చాలాసేపు చూసి, మన ల్యాబ్‌లో ఐదేళ్ల కింద ఒకతనికి కూడా ఇట్లనే రాలేదు, నేను అతన్ని చాలా తిట్టినాను అన్నాడు. ఇంకేం అనలేదు, ఫోన్ తీసి బయటికి పోయినాడు, అతనికే చేసినట్టుండాడు.

కానీ ఒక సమస్య. కంట్రోల్ ఎలుకలకి, రోటెనోన్ ఎలుకలకి బ్యాండ్లు దాదాపు సమానంగా ఉండాయి. మోడల్ పనిచేయలేదా?

పెన్నా_ఇసుక
చాలా సంతోషం చెల్లీ. మోడల్ సంగతి అప్పుడే తేల్చద్దు. సైన్యూక్లీన్ మంచి మెదడులో కూడా బాగా ఎక్కువగా ఉండే ప్రోటీన్, సైనాప్స్‌ల (నరకణాలు కలిసే చోట్లు) దగ్గర దాని ఉద్యోగం దానికుంది. మొత్తం హోమోజినేట్‌లో చూస్తే తేడా మునిగిపోతుంది. ముద్దకట్టింది వేరే చెయ్యి. ముందు ట్రైటన్ ఎక్స్-100 (మెత్తటి డిటర్జెంట్) ఉన్న బఫర్‌లో తీసి గట్టిగా సెంట్రిఫ్యూజ్ చెయ్యి, పైది కరిగేది. అడుగున మిగిలిన గుళికని కడిగి ఎస్‌డీఎస్ (గట్టి డిటర్జెంట్) బఫర్‌లో కరిగించు, అది ముద్ద భాగం. రెండిటినీ వేరువేరుగా నడుపు. రెండో భాగంలో తేడా ఉందేమో చూడు, 15 దగ్గరే కాదు, పైన 30, 45 దగ్గర కూడా, జెల్ పైభాగం కోసి పారేయద్దు. పెర్ఫ్యూజ్ చేసిన ఎలుకలే వాడు.

కారందోశ_కడప
అట్లనే కంట్రోల్ ఏదో రోటెనోన్ ఏదో నీకు తెలీకుండా ట్యూబుల మీద నంబర్లు వేరేవాళ్లతో వేయించుకో. మనం కోరుకున్నదే కళ్లకి కనపడుతుంది.

వేరుశనగ_చేను
జూనియర్‌తో వేయించినా ఈ రోజే. పెర్ఫ్యూజ్ చేసినవి ఎనిమిది ఉండాయి, నాలుగు నాలుగు. సోమవారం మొదలుపెడతా.

ఏడురోడ్ల_సర్కిల్
మా నాయనని తీసుకుపోయినాం. డాక్టర్ ఇరవై నిమిషాలు చూసినాడు, వేళ్లు టకటకా కొట్టమన్నాడు, వరండాలో నడిపించినాడు, తిరిగేటప్పుడు కుడి చెయ్యి ఊగట్లేదని మాకు చూపించినాడు, మేం ఇన్నాళ్లు గమనించనే లేదు. పార్కిన్‌సన్సే అన్నాడు. లెవోడోపా మాత్ర మొదలైంది. రక్తం టెస్ట్ ఏమీ రాయలేదు, ఆ ల్యాబ్ సంగతి చెప్తే తల అడ్డంగా ఊపినాడు. మా నాయన దూలగొండి గింజల పొడి తింటా అంటాండాడు, ఎవరో చెప్పినారంట. నిజమేనా?

కొండారెడ్డి_బురుజు
దూలగొండి గింజల్లో లెవోడోపా నిజంగానే ఉంటుంది. అందుకే మాత్రతో పాటు సొంతంగా తినకూడదు, ఏ గింజలో ఎంత ఉంటుందో లెక్క ఉండదు, మోతాదు ఎక్కువైతే ఒళ్లు మెలికలు తిరిగే కదలికలు వస్తాయి. డాక్టర్‌కి చెప్పకుండా వద్దు. ఇంకోటి, మాత్ర, పప్పు, కోడిగుడ్డు, మాంసం ఒకేసారి పడితే ప్రోటీన్ మాత్రకి అడ్డం పడుతుంది, పేగులో రెండూ ఒకే దారిన లోపలికి పోవాల. తిండికి ఎంత ముందు వేసుకోవాలో డాక్టర్‌నే అడిగి రాసుకో.

ఏడురోడ్ల_సర్కిల్
అడుగుతా అన్నా. పొడి డబ్బా మా అమ్మ దాచిపెట్టేసింది.

కారందోశ_కడప
వేరుశనగ_చేను, ఒక సాయం. మేం కడపలో న్యూరోబ్లాస్టోమా (నరాల క్యాన్సర్) కణాల మీద చేస్తాం, మనిషివి. క్లోన్ 42 మాకు ఒక్కసారి వేసి చూసుకోవాల, కొనేముందు. ఒక్క ట్యూబ్, 10 మైక్రోలీటర్లు, ఇవ్వగలవా? బదులు మా దగ్గర మనిషి ఆల్ఫా సైన్యూక్లీన్ రీకాంబినెంట్ ప్రోటీన్ ఉంది, పాజిటివ్ కంట్రోల్‌కి నీకు పనికొస్తుంది.

వేరుశనగ_చేను
తప్పకుండా అన్నా! సార్‌ని అడిగినా, రెండు ఇయ్యి అన్నాడు. కొరియర్ మాత్రం వద్దు.

కారందోశ_కడప
అబ్బే, నేనే వస్తా. శుక్రవారం తాడిపత్రి మీదుగా పొద్దున బస్సు.

కొండారెడ్డి_బురుజు
ఐసు డబ్బా పట్టుకుపో. బస్సులో ఇంజను పక్క సీటు కూర్చోవద్దు.

వేరుశనగ_చేను
సెలవు రోజు కాదు కదా శుక్రవారం? క్యాలెండర్ చూసినా, కాదు. గేటు దగ్గరికి నేనే వస్తా.